ఆవిడ రాయొద్దన్న ముక్క

బాపట్లలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నప్పుడు మాకొక పేపరు ఉండేది. కంప్యూటర్లు వచ్చి మనుషుల బతుకుల్ని ఎలా మారుస్తున్నాయి, అందులో మంచెంత, చెడెంత అన్నది దాని విషయం. చాలామంది దాన్ని పరీక్ష ముందురోజు చదివేసేవారు. నాకు మాత్రం అది ఇష్టం. తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చిపోతూ ఆ పాఠాలే చదువుకునేదాన్ని. క్లాసులో అందరికంటే మంచిదాన్నని కూడా మనసులో అనుకునేదాన్ని.

ప్రాజెక్టు ఇచ్చిన రోజు మేడమ్ ఒకటే చెప్పారు. "నెట్‌లోంచి దించుకొచ్చింది నాకు వద్దు. వెళ్లి మనుషుల్ని అడిగి రాయండి."

నా జట్టులో నేను కాక ఇంకొకమ్మాయే, నా స్నేహితురాలు. తనది రేపల్లె. నిజాంపట్నం దగ్గర ఒక పల్లెలో వాళ్ల పిన్ని చిన్న కొట్టు నడుపుతుంది. "అక్కడ ఆడవాళ్లకి రేషన్ మిషన్ మీద వేలిముద్రలు పడట్లేదంట. దాని మీద చేద్దామా?" అంది. అది వినగానే, కాలేజీలో ప్రాజెక్టులకిచ్చే ఫస్ట్ ప్రైజు మాదేననిపించింది నాకు.

ఒక ఆదివారం రేపల్లెలో బస్సెక్కి వెళ్లాం. ఆ పిన్ని మమ్మల్ని చేపలు ఎండబెట్టే చోటికి తీసుకెళ్లి ఒకావిడని చూపించింది. అరవై దాటి ఉంటాయి. ఇసుక మీద పాత వలలు పరిచి నెత్తళ్లు ఆరబోస్తోంది. మేము కూర్చుంటే తనూ కూర్చుని చేతులు చూపించింది. బొటనవేళ్లు నున్నగా, గీతలన్నవే లేకుండా ఉన్నాయి.

"ఉప్పులో నానీ నానీ అరిగిపోయినయ్యి పాపా. ఆ మిషనుకి నేను మనిషిగా ఆనను" అని నవ్వింది.

నేను రాసుకెళ్లిన అంగీకార పత్రం గబగబా చదివాను. మీ వివరాలు రహస్యంగా ఉంచుతాం, మీకు ఇష్టంలేనిది బయటపెట్టం అని అందులో ఉంది. ఆవిడకి సంతకం రాదు. వేలికి ఇంకు పూసి కాగితం మీద అద్దించాను. నీలం మరక పడింది, అంతే. వేలిముద్ర పడక ఇబ్బంది పడుతున్న మనిషి చేత నేనూ వేలిముద్రే వేయించానని నాకప్పుడు తట్టలేదు.

ఫోన్లో వీడియో తీస్తూ అడిగాను. "వేలిముద్ర పడకపోతే ఏం చేస్తారండి?"

"ఫోనుకి నంబరొస్తది, అది చెప్తే బియ్యం ఇస్తారు. ఆ ఫోను మా అల్లుడిది." గొంతు తగ్గించింది. "బియ్యం ఆడే తెస్తాడు. సగం అమ్ముకుంటాడు. అడిగానంటే నా కూతుర్ని సాధిస్తాడు. ఈ ముక్క మాత్రం రాయమాకండమ్మా."

"రాయమండి" అన్నాను. రికార్డింగ్ ఆపలేదు.

వీడియో కత్తిరించి అతికించే పని నేనే చేశాను. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి నా స్నేహితురాలు, "అది తీసెయ్, ఆవిడ వద్దంది కదా" అంది.

"అదే లేకపోతే ఇంకేముంది ఇందులో? ముఖం మసక చేశాను. ఎవరికీ తెలియదు" అన్నాను.

తను ఇంకోసారి చెప్పింది. నేను వినలేదు. తనది మెత్తటి స్వభావమని నాకు తెలుసు, ఆ ధైర్యంతోనే వినలేదు.

కాలేజీ హాల్లో ఆ వీడియో వేసినప్పుడు వెనక వరసలవాళ్లు కూడా మాటలు ఆపేశారు. అయిపోయాక మేడమ్ లేచి, "ఈ చివరి మాట వాడుకోవడానికి ఆవిడ ఒప్పుకున్నారా?" అని అడిగారు.

"ఒప్పుకున్నారు మేడమ్" అని ఆ నీలం మరక కాగితం పైకెత్తి చూపించాను. పక్కన నా స్నేహితురాలు తల దించుకుంది. ఫస్ట్ ప్రైజు మాకే వచ్చింది. ఆ సాయంత్రమే వీడియోని క్లాసు గ్రూపులో పెట్టాను. ఎవరెవరు ఎవరికి పంపారో నాకు తెలియదు.

పది రోజుల తర్వాత నా స్నేహితురాలు లైబ్రరీ మెట్ల మీద నన్ను ఆపింది.

"అది ఆ అల్లుడి ఫోనుకి వెళ్లింది. ముఖం మసక చేశావు సరే, గొంతు తెలియదా? వలలు తెలియవా? అందరి ముందూ ఆవిడని తిట్టాడంట. కూతుర్ని పుట్టింటి గడప తొక్కొద్దన్నాడంట."

తను అరవలేదు, ఏడవలేదు. "మా పిన్ని ఇప్పుడు ఆవిడ ముఖం చూడలేకపోతోంది" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడు ఒక్కదాన్నే ఆ పల్లెకి వెళ్లాను. ఆవిడ నన్ను చూసి కూడా చేపలు తిరగేస్తూనే ఉంది. తప్పు చేశానని, క్షమించమని చెప్పాను. దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు అవి. అక్కడ పలికేసరికి నా ప్రాజెక్టు రిపోర్టులో వాక్యాల్లా వినిపించాయి.

"దాన్ని తీసెయ్యగలవా?" అని అడిగింది.

"నా దగ్గర తీసేశానండి. మిగతావాళ్ల ఫోన్లలో ఉన్నది నేను తియ్యలేను" అన్నాను.

ఆవిడ తలూపింది. కోప్పడితే బాగుండునని ఉంది నాకు. "రేషన్ కార్డుకి మీ పేరున వేరే నంబరు పెట్టిస్తానండి. నేను దగ్గరుండి చేయిస్తాను" అన్నాను.

"నువ్వొద్దులే పాపా" అంది. మెల్లగానే అంది. "ఎండెక్కుతాంది, బస్సుకెళ్లు."

సోమవారం మేడమ్ గదికి వెళ్లి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ప్రైజు నా స్నేహితురాలికే ఉంచమన్నాను. తను తనకీ వద్దంది. మేడమ్ నన్ను తిట్టలేదు. క్లాసులో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు. చెప్పాను. వీడియో ఎవరి దగ్గరున్నా తీసెయ్యమని అడిగాను. కొందరు అక్కడికక్కడే ఫోన్లు తీశారు. వెనక ఎవరో నవ్వారు.

నెల తిరిగాక నా స్నేహితురాలు ఆవిడని రేపల్లె తీసుకెళ్లి ఒక మామూలు ఫోను కొనిపించి, కార్డుకి ఆ నంబరు ఎక్కించిందట. అప్పట్నుంచి బియ్యం ఆవిడే తెచ్చుకుంటోందట. కూతురు మాత్రం చాలాకాలం రాలేదు. ఆ తర్వాత వచ్చిందో లేదో నాకు తెలియదు. ఇదంతా నాకు చెప్పింది నా స్నేహితురాలు కాదు. క్లాసులో ఇంకెవరో మాటల్లో అంటే విన్నాను. తనని అడిగే మొహం నాకు లేకపోయింది.

ఇప్పుడు తెనాలిలో ఒక కాలేజీలో నేనూ అదే పాఠం చెబుతున్నాను. పిల్లలు ప్రాజెక్టులు తెస్తే, మీతో మాట్లాడినవాళ్లు వద్దన్నదేంటి అని మొదట అడుగుతాను. ఎందుకలా అడుగుతారు మేడమ్ అని ఒకమ్మాయి ఈమధ్య అంది. రూలు అని చెప్పి తర్వాతి పేజీ తిప్పాను.