పసుపు నీళ్లు

పెళ్లికి ముందు నుంచీ నాకు మూర్ఛ ఉంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు నా భర్త నన్ను రోజ్ హిల్ పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాడు. రోజూ బ్రొమైడు అనే మూర్ఛమందు తాగమనీ, మూర్ఛలు బాగా తగ్గాకే గర్భం సంగతి ఆలోచించమనీ, సొంతంగా మాత్రం మందు మానొద్దనీ ఆయన చెప్పాడు. నెల తప్పగానే నేను మానేశాను. ఆ ఉప్పటి మందు కడుపులో బిడ్డకు తగులుతుందని నా భయం.

మా ఊరు బ్రిజే వెర్దియేర్‌లో అమ్మోరి పండుగ. గుడి ముందు డప్పులు మోగుతుండగా పడిపోయాను. కళ్లు తెరిచేసరికి నా చేతిలో వేపరెమ్మ, నుదుట ఇంత కుంకుమ. నాకు అమ్మోరు పూనిందట. ఆడవాళ్లు వరుసగా వచ్చి కాళ్లకు మొక్కుతున్నారు.

"మా కోడలి కడుపు పండించు తల్లీ" అంటోంది ఒకావిడ.

మూర్ఛలో తెలియకుండానే ఒంటేలు పోయి నా చీర కింద తడిసిపోయింది. లేస్తే అందరికీ కనబడుతుంది. సిగ్గుతో చచ్చిపోతున్నదానికి హారతులు కూడానా అని ఒళ్లు మండింది.

మా అత్త బిందెతో పసుపు నీళ్లు తెచ్చింది. "తప్పుకోండి, అమ్మోరిని సల్లబరచాల" అంటూ నా నడుము మీదుగా కుమ్మరించింది. ఊరంతటికీ ఇక నా తడి పసుపు తడే. ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

"మందు మానేసినావేటే?"

తల ఊపాను.

అంతలో ఒకామె దీవించమంటూ తన పసిగుడ్డును తెచ్చి నా తడి ఒళ్లో పడుకోబెట్టింది. దాని ముఖం చూడలేక గట్టిగా కళ్లు మూసుకున్నాను.

"అమ్మోరు ఇంకా దిగనేదు" అన్నారెవరో, భక్తిగా.