ఉరుముగారి అలక

ఉరుముగారికి అలక ఉండేది, అదీ చచ్చిపోయిన భార్య మీద. బతికున్నవాళ్ల మీద అలిగితే ఎప్పుడో ఒకప్పుడు తీరుతుంది. పోయినవాళ్ల మీద అలిగితే ఎవరొచ్చి బతిమాలతారు? అయినా ఆయన మానలేదు. ఆవిడ మంచం పట్టిన రోజుల్లో, తన గురకకి ఆవిడ నిద్ర చెడకూడదని పక్క గదిలో పడుకునేవాడు. పిలిస్తే పలకాలని మధ్య తలుపు తీసే ఉంచేవాడు. “ఒక్కసారంటే ఒక్కసారి పిలవలేదు మహాతల్లి. నేనేమన్నా పరాయివాణ్నా?” అని దొరికినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆయన ఒకరికి చెప్పుకోవడమంటే వీధి వీధంతా వినడమే. ఆ గొంతు వల్లే ఉరుము అన్న పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆయన పనిచేసేది ఇనుము సాగగొట్టే షెడ్డులో. ఎర్రగా కాలిన దిమ్మను పట్టకారుతో పట్టుకుని యంత్రపు సుత్తి కింద తిప్పుతూ ఉండాలి. సుత్తి పడ్డప్పుడల్లా కాళ్ల కింద నేల అదురుతుంది. చెవులకు పెట్టుకోమని కంపెనీవాళ్లు డిప్పలు ఇచ్చారు. ఉరుము వాటిని మెడలో హారంలా వేసుకుని తిరిగేవాడు. “దెబ్బ సరిగ్గా పడిందో లేదో మోతే చెప్తుందిరా. చెవులు మూసుకుంటే నీకేం తెలుస్తుంది?” అని కుర్రాళ్లని కసిరేవాడు. ఆ మాట నిజమే, కానీ ఆ నిజమే ఆయన కొంప ముంచుతూ వచ్చింది.

షెడ్డు పక్కనే కార్మికుల ఆరోగ్యం చూసే గది ఉంది. ఏటా అక్కడ చూపు, ఊపిరి, వినికిడి పరీక్ష చేస్తారు. అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి, చెవులకు యంత్రం తగిలించి, కూత వినపడగానే బటన్ నొక్కమంటారు. పనికిరానివాళ్లను ఏరిపారేయడానికి యజమాని పన్నిన వల అది అని షెడ్డులో అందరి నమ్మకం. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ, నిజమా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. అక్కడి పాత నర్సమ్మ కూత వదిలేముందు భుజం కొంచెం ఎగరేసేది. భుజం లేవగానే ఉరుము బటన్ నొక్కేవాడు. ఈ విద్య తను నేర్చుకుని ఊరుకోక షెడ్డంతటికీ దానం చేశాడు. తన చెవులు కాస్త మందమని ఆయనకి తెలుసు. ఎంత మందమో మాత్రం తెలుసుకోవాలనుకోలేదు.

పాత నర్సమ్మ రిటైరైంది. కొత్తగా వచ్చినావిడ చిన్నది, గడుసుది. కుర్చీని గోడవైపు తిప్పి, “ఇలా కూర్చోండి బాబాయ్” అంది. ఉరుము గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఏ కూతా లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాడు. అంతలో ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడి, “అయిపోయింది” అంది. కూతలన్నీ వచ్చి వెళ్లిపోయాయని ఆయనకి అప్పుడర్థమైంది.

“నన్ను తీసేస్తారా?” అని అడిగాడు. అది కూడా షెడ్డులోకి వినపడేలాగే అడిగాడు.

“తీసేయడానికా ఈ గది పెట్టింది? మీరు చెడిపోకుండా చూడ్డానికి పెట్టారు” అంది నర్సమ్మ, ఒక్కొక్క మాటా ఆయన మొహంలోకి చూసి పలుకుతూ. “మొదట్లోనే తెలిసుంటే మోత లేని చోటికి మార్పించేవాళ్లం. చెవులు ఇంతగా దెబ్బతినేవి కావు. పోయింది ఇక తిరిగిరాదు బాబాయ్. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తున్నారు. వెనకాల నుంచో పక్క గదిలోంచో ఆడమనిషి సన్నగా మాట్లాడితే మీకు ఒక్క ముక్క వినపడదు. ఇలాంటి చెవుడులో ముందు పోయేవి సన్నటి శబ్దాలే.”

ఆయన మొహం వాడిపోయింది. ఉద్యోగం గురించి భయపడుతున్నాడేమో అనుకుని నర్సమ్మ ధైర్యం చెప్పింది. ఆయన మాత్రం “ఎన్నాళ్ల నుంచి?” అని ఒక్కటే అడిగాడు. ఏళ్ల నుంచే అయ్యుంటుందని ఆవిడ చెప్పింది.

ఆ తర్వాత జరిగినవన్నీ మంచిపనులే. నర్సమ్మ డాక్టరుగారిని వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లింది. వెనకనుంచి బండి వస్తూ హారన్ కొడితే వినపడని మనిషిని షెడ్డులో ఉంచడం ఆయనకీ ప్రమాదం, మీకూ ప్రమాదం అని చెప్పింది. మేనేజరు కాదనలేదు. ఇంత పనితనం ఉన్నవాణ్ని పోగొట్టుకోవడానికి తనకేం పిచ్చా అన్నాడు. తయారైన సరుకు సరిచూసే గదికి మార్చాడు. జీతం తగ్గించలేదు. చెవి మిషన్ కంపెనీ ఖర్చుతోనే ఇప్పించారు. షెడ్డులో అందరికీ కుర్చీ తిప్పి మళ్లీ పరీక్ష చేశారు. చాలామందికి డిప్పలు మార్చారు, కొందరికి చోటు మార్చారు. ఒక్కడి ఉద్యోగం కూడా ఊడలేదు. ఇన్నేళ్లూ వీళ్లందరూ హడలిపోయింది దీనికా అని తలుచుకుంటే నవ్వు రావాలి, కానీ రాదు.

మిషన్ పెట్టుకున్న సాయంత్రం ఉరుము తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. కూతురు ఉల్లిపాయలు తరుగుతోంది.

“కాఫీ పెట్టనా నాన్నా?” అని అలవాటుకొద్దీ అరిచింది.

“అరవకమ్మా, వినపడుతోంది. ఒక్క మాట చెప్పు. మీ అమ్మ నన్ను పిలిచేదా?”

కూతురు కత్తి పక్కన పెట్టింది. ఈ ప్రశ్న ఏదో ఒకరోజు వస్తుందని ఆ పిల్లకి తెలుసు.

“పిలిచేది నాన్నా.”

“ఎప్పుడు?”

“రోజూ. ‘ఏవండీ, ఏవండీ’ అని.”

“మంచినీళ్లకా?”

“మంచినీళ్లకీ మందుకీ నన్నే పిలిచేది. నిన్ను ఊరికే పిలిచేది. నువ్వు పలక్కపోతే, ‘నాన్న ఉన్నారా’ అని నన్నడిగేది. పక్క గదిలోనే ఉన్నాడమ్మా అంటే, సరేలే అని కళ్లు మూసుకునేది.”

ఉరుము గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. “వచ్చి నాతో ఒక్క మాట చెప్పకూడదూ? పరిగెత్తుకొచ్చేవాణ్ని కదే.”

“చెప్తానంటే, చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ‘పిలిస్తే వినపడలేదని తెలిస్తే ఆ మనిషి నోరాగదు, బాధపడి పదిమందికీ చెప్పుకుంటాడు. ఆ మాట కంపెనీ దాకా పోతే ఉద్యోగం ఊడుతుంది. నేనెలాగూ పోయేదాన్నే, మీరు రోడ్డున పడకూడదు’ అంది.” కూతురు చెంగుతో కళ్లు తుడుచుకుంది. “నువ్వు అమ్మని తిడుతున్నప్పుడల్లా చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది నాన్నా.”

ఆయన గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చాడు.

“ఊడేది కాదమ్మా” అన్నాడు. “ఉద్యోగం ఊడేది కాదు.”