మంట అన్న మాట

యుద్ధం, అగ్ని, చావు, పునర్జన్మ అన్నీ ఉన్న మహాకావ్యం ఒకటి చెప్పబోతున్నాను. అంత సీనేం లేదు లెండి. ఒక దవడ పన్ను, దాని లోపల ఆవగింజంత మెత్తటి కండ. పల్ప్ అంటాం. కాల్చింది నేను.

రెండువేల దశకం చివర్లో గుంటూరు దగ్గర ఓ డెంటల్ కాలేజీలో హౌస్ సర్జన్ని. చల్లనీళ్లకి పన్ను జివ్వుమంటోందని నల్లపాడు నుంచి ఒకావిడ వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసే పని ఆవిడది. ఆ జివ్వు తగ్గడానికి కొత్తగా వచ్చిన లేజరు పెట్టాను. దాని మొనని పన్ను మీద ఒకచోట ఆపకూడదు, కదుపుతూనే ఉండాలి. నేను పక్క కుర్చీ దగ్గరున్న స్నేహితుడికి జోకు చెబుతూ దాన్ని ఒకేచోట ఆపాను.

"మంట బాబూ" అందావిడ.

గుంటూరులో మంట అంటే ఎవరికైనా గుర్తొచ్చేది ఒకటే. "మిరపకాయల చేత్తో మూతి తుడుచుకునుంటావు పెద్దమ్మా, పుక్కిలించు" అని జోకు పూర్తి చేశాను. జోకు కూడా బాగోలేదు.

మర్నాడు దవడ పట్టుకుని వచ్చింది. "నిన్న చేతులు సబ్బుతో కడుక్కునే వచ్చాను బాబూ."

మా ప్రొఫెసర్ మేడమ్ పరీక్ష చేసింది. "కండకి వేడి తగిలింది. అంచున ఉండే కణాలు చచ్చుంటాయి. లోతులోవి వచ్చి ఆ చోటులో కుదురుకుని, కొత్త గోడ కట్టుకుంటే పన్ను బతుకుతుంది. లేదంటే రూట్ కెనాలే. ఏం చేశావు?"

"సెట్టింగు ఎక్కువైనట్టుంది మేడమ్" అన్నాను. మిషను నోరెత్తలేదు.

ఆ తర్వాత ప్రతి వారం ఆవిడ పని మానుకుని వచ్చేది. లోపలి కండ ఎలా ఉందో చూడ్డానికి పన్నుకి చల్లటి దూది పెట్టేవాణ్ణి. తీసేశాక కూడా నొప్పి చాలాసేపు ఉండేది. కణాలకి మొక్కుకోవడం ఏ మతంలోనూ లేదు, నేను మొదలుపెట్టాను. కొన్ని వారాలకి, దూది తీయగానే నొప్పి ఆగింది. మూడు నెలలకి ఎక్స్‌రేలో, కాలిన చోటికి లోపలి వైపు, వెంట్రుకంత కొత్త పొర కనిపించింది. అందులో నా చెయ్యేమీ లేదు, అదృష్టం.

"పెద్దమ్మా, ఆ రోజు మంట మిరపకాయది కాదు. నేను కాల్చాను" అన్నాను, కాళ్ల మీద పడే ఫోజులో.

"ఏ మంట ఏదో నాకు తెలీదా బాబూ? ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా. ఇంతకీ ఇటువైపు నమలచ్చా?"

నమలచ్చన్నాను. ఆర్నెల్లకోసారి ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆ గది ఒంటిగంటకి మూసేస్తారు, పొద్దున్నే రమ్మన్నాను.