ఒక పక్క నూరు

దేవుడికి ఎన్నిటికో దండం పెట్టుకున్నాను గానీ, మాట తప్పుగా విన్నందుకు పెట్టుకున్నది ఒక్కసారే.

మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి. లెస్కాలియే దగ్గర చక్కెర మిల్లులో మావారు గంధకం కాల్చే చోట పనిచేసేవారు. ఆ పొగతోనే చెరకు రసం తెల్లబడేది. పంట కాలమంతా దగ్గుతూనే ఇల్లు చేరేవారు. మిల్లు ఆగిన నెలల్లో మాత్రం అందరినీ మరమ్మతుల షెడ్డుకు పంపేవారు.

ఆ ఏడు షెడ్డుకు ఓ కొత్త యంత్రం వచ్చింది. ఓ పెట్టె, దానికో తీగ, తీగ చివర కలంలాంటి పిడి, పిడిలో గట్టి లోహపు పుల్ల. పుల్లను ఉక్కుకు ఆనిస్తే చిటచిటమని రవ్వలు లేస్తాయి. ఒక్కో రవ్వా పుల్ల నుంచి చుక్కంత లోహాన్ని తెచ్చి ఉక్కుకు అతికిస్తుంది. చుక్క పక్కన చుక్క, అచ్చం ముగ్గే. "నువ్వు వేస్తే ఇంకా వరసగా వస్తాయి," అనేవారు నాతో.

పంట మొదలయ్యాక ఆ యంత్రం దగ్గర ఒక్కరినే ఉంచుతానన్నాడు ఇంజనీరు. మిగతావాళ్లు పాత పనికే పోవాలి. పరీక్షకు మావారికొకటి, ఇంకొకతనికొకటి చెరకు కత్తులిచ్చి, ఆ లోహంతో పూత వేసి, పదును పెట్టి సోమవారం తెమ్మన్నాడు.

ఆదివారం మావారు మందిరం రేకులు బిగించడానికి బయల్దేరారు. పుట్టింట్లో కత్తుల పదును నాదే. "పూత అయిపోయిందిగా, పదును నేను చూస్తాలెండి," అన్నాను. తాత దగ్గర ఇంట్లోనే తెలుగు నేర్చుకున్నదాన్ని కదా, నన్ను సంతోషపెట్టడానికి ఆయన రోజూ మాట్లాడే క్రియోల్ మానేసి, గుమ్మంలోంచి కష్టపడి తెలుగులో చెప్పారు.

"ఒక పక్క నూరు."

పదును పెట్టడం ముందే అనుకున్నది. కాబట్టి ఆయన చెప్పింది లెక్క. పక్కకు నూరు. నూరుతో ఆపడం దేనికి, నూట ఎనిమిదైతే జపమూ అవుతుంది. సానరాయి ముందు కూర్చుని ఒక్కో రుద్దుకు ఒక్కో రామనామం అనుకున్నాను. మొదటి పక్క తళతళలాడింది. రెండో పక్క గరుకుగా, బూడిదరంగు మచ్చలతో అమ్మవారు పోసిన ముఖంలా ఉంది. నూట ఎనిమిదైనా అలాగే ఉంది. ఇంకో మాల తిప్పాను. నా భుజం పడిపోయింది గానీ మచ్చ పోలేదు.

అత్తమ్మ తొంగి చూసింది. "అది నీ మొగుడి లాంటిదే అమ్మా. ఎంత తోమినా అంతే."

సాయంత్రం ఆయన కత్తి చూసి మెట్టు మీద కూలబడ్డారు. పూత ఒక వైపే వేస్తారట. దాన్ని ముట్టకుండా రెండో వైపే నూరాలట. మెత్తని వైపు అరిగేకొద్దీ గట్టి వైపు అంచు పదునుగా నిలుస్తుందట.

"ఒక పక్క నూరు అన్నాను గదా."

"పక్కకు నూరు చొప్పున రెండు పక్కలా రుద్దాను. పైన ఎనిమిది కూడా వేశాను."

అప్పుడు బోధపడింది ఆయనకు. "క్రియోల్‌లోనే ఎన్ కోతే అనుంటే ఒక్క వైపేనని తెలిసేది. నీకోసం తెలుగు మాట్లాడితే ఇదీ ఫలితం." నవ్వబోయి దగ్గారు. ఆయన్ని మళ్లీ ఆ పొగలోకి నేనే తోశానేమో.

"ముందు రాయి చూడరా," అంది అత్తమ్మ.

రాయి నడుమ వేలు పట్టేంత గాడి. మచ్చల పూత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నేను కత్తిని అరగదీయలేదు, కత్తే రాయిని తినేసింది.

సోమవారం ఆయన అన్నం గిన్నెతో పాటు ఆ రాయినీ సంచిలో వేసుకెళ్లారు. ఇంజనీరు భూతద్దం పెట్టి పూతను చూశాడట, గాడిలో వేలు పెట్టి చూశాడట. రెండో అతని పూతను అదే రాయి మీద నాలుగుసార్లు రుద్దితే పొట్టులా రాలిందట.

"నీ కత్తిని ఇంతలా రుద్దింది ఎవరు?" అని అడిగాడట.

"మా ఆవిడ, మిస్యే," అన్నారట మావారు, దొరగారూ అన్నట్టు మర్యాదగా.

"ఎందుకు?"

"ప్రార్థన, మిస్యే."

యంత్రం మావారికే వచ్చింది. ఆ సాయంత్రం ఆయన ఆరు కత్తులు భుజాన వేసుకుని ఇంటికొచ్చారు. అన్నిటికీ ప్రార్థన చేయించి తెమ్మన్నాడట ఇంజనీరు. కొత్త సానరాయి కూడా ఇచ్చి పంపాడు.