మూత మాత్రం గట్టిది

మా ఆయన ముచ్చటపడి ఓ పాత స్పోర్ట్స్ కారు కొన్నారు. దాని రేడియేటర్ మూత పాడైతే ఆటోనగర్ వెళ్లి, తళతళలాడే కొత్త మూత పట్టుకొచ్చారు.

"ఏవండీ, పాతదాని మీద ప్రెషర్ ఏడని ఉంది. దీనిమీద పదిహేనుందేంటి?" అన్నాను.

"ఎక్కువుంటే మంచిదేగా! కార్ల సంగతి నీకేం తెలుసు?" అంటూ ఆ మహానుభావుడు దానికి కుంకుమబొట్టు కూడా పెట్టారు.

భవానీపురం దాటి కొండపల్లి వెళ్తుంటే బానెట్ కింద ఢామ్మని పేలింది. ఆవిరి కమ్మేసి రోడ్డు కనిపించలేదు. వెనకే లారీ హారన్ కొడుతూ వచ్చేస్తోంది. ఆయన ఎలాగో పక్కకి ఆపితే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగాను. కొత్త మూత ఆవిరిని బయటికి వదలకపోయేసరికి, ఆ ప్రెషర్‌కి ముసలి రేడియేటర్ నిలువునా చీలిపోయింది.

ఆయన బానెట్ ఎత్తి, "చూశావా, మూత చెక్కుచెదర్లేదు!" అన్నారు గర్వంగా.

ఆ పేలుడు మరిచిపోయినా ఆ గర్వం మరిచిపోలేను. అప్పట్నుంచి మా ఇంట్లో కుక్కర్ మూత కూడా ఆయన చేతికివ్వను.