మందు లేని నెత్తురు

మా చిన్నత్తకు పిచ్చి లేచిందని మొదట చెప్పింది ఆమె భర్త. పెళ్ళైన రెండో ఏడు మోర్తాడ్ నుంచి బస్సులో తీసుకొచ్చి, ఆర్మూరులో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత దుబాయి పోయాడని, తిరిగొచ్చి ఇంకో పెళ్ళి చేసుకున్నాడని విన్నాం. చిన్నత్త మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. నాకప్పుడు ఆరేడేళ్ళు. అత్త ఇక మా ఇంట్లోనే ఉంటుందంటే ఎగిరి గంతేశాను.

ఆమెకు ఇద్దరు మనుషుల మాటలు వినిపించేవి. ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు. అవి ఆమెతో మాట్లాడేవి కావు, ఆమె గురించి మాట్లాడుకునేవి.

"నేను బువ్వ కలుపుతుంటె, 'గీమెను చూడు, కలుపుతున్నది' అంటది బిడ్డా. వాడు నవ్వుతడు. నేను స్నానం జేస్తుంటె గూడ నవ్వుతడు."

ముప్కాల్ దిక్కు నుంచి దయ్యాలు దించే ఒకాయనను పిలిపించారు. ఆయన పసుపు కొమ్మును నిప్పుల్లో ఎర్రగా కాల్చి, అత్త నుదుటి మీద, రెండు ముంజేతుల మీద వాతలు పెట్టాడు. అమ్మ భుజాలు నొక్కింది, నాన్న కాళ్ళు పట్టుకున్నాడు. మా ఊళ్ళో పంట వచ్చిందంటే వీధివీధినా ఉడికిన పసుపు వాసనే. కాలిన పసుపు వాసన అది కాదు. ఆ రోజు తెలిసింది. వాతలు మానకముందే అత్త మళ్ళీ గొంతులకు బదులు చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు బర్రె గొలుసు ఆమె కాలికి వేశారు. మా గల్లీ పిల్లలు గోడెక్కి రాళ్ళు విసిరేవాళ్ళు. తగిలితే కేరింతలు.

అలా ఐదేళ్ళు గడిచాక, ఎవరో చెబితే నిజామాబాద్ దవాఖానకు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తెల్ల గోలీలు రాసిచ్చి, మానకుండా వేసుకోవాలని మాత్రం గట్టిగా చెప్పాడు. అత్త చేతులు వణికాయి, నడక బిగుసుకుంది, నోరెండిపోయింది. కానీ ఎండలు ముదిరేనాటికి ఆమె నా జడ వేస్తూ, వాక్యం మధ్యలో ఆగిపోకుండా, మొత్తం ఒక కథ చెప్పింది.

"పోయిండ్రా అత్తా వాళ్ళు?" అని అడిగాను.

"యాడికి పోతరు? దూరం కూసున్నరు. ఏమంటున్నరో ఇనవడ్తలేదు. గంతే సాలు."

అక్కణ్ణుంచి నాలుగైదేళ్ళు ఆమె మనిషిలా బతికింది. రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో ఏరే పనికి పోయేది. కొమ్ములు ఒక వైపు, గుండ్రటి దుంపలు ఒక వైపు. సాయంత్రం బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని, పసుపంటిన చేతులతోనే మాకు పంచేది. తోటి ఆడవాళ్ళు ఆమెను చూసి కాదు, ఆమె చెప్పే మాటలకు నవ్వేవాళ్ళు. నవ్వులో ఆ తేడా ఆమెకు బాగా తెలుసు.

తొంభైల మొదట్లో, నేను ఇంటర్ చదువుతుండగా, హైదరాబాదు నుంచి వాళ్ళు వచ్చారు. ఒక పెద్ద డాక్టరమ్మ, ఆమె దగ్గర పనిచేసే యువ డాక్టరు ఒకాయన. మెదడు జబ్బుల మీద పరిశోధన చేస్తున్నారట. నిజామాబాద్ డాక్టరే మా ఇల్లు చెప్పాడట. డాక్టరమ్మ మా గడప మీదే కూర్చుని, అమ్మ ఇచ్చిన చాయ్ తాగింది. అంత మెత్తగా మాట్లాడే మనిషిని మేం అంతకుముందు చూడలేదు.

"మెదడులో కొన్ని రసాయనాలుంటాయి," అంది నాన్నతో. "ఒక రకం ఎక్కువైతే లేని మాటలు వినిపిస్తాయని మా అనుమానం. ఈ మాత్రలు దాన్ని అణిచిపెడతాయి. మందు ఒంట్లో ఉంటే అసలు జబ్బు మాకు కనిపించదు. అందుకని కొన్ని వారాలు మందు ఆపి, అప్పుడు రక్తం, వెన్నులో నీరు కొంచెం తీసుకుంటాం."

గోడకానుకుని నిలబడ్డ అత్త నాన్న వైపు చూసింది.

"వద్దన్నా. గోలీలు బంద్ జేస్తె వాళ్ళు మల్ల దగ్గరికొస్తరు."

"మేమంతా ఉంటామమ్మా," అంది డాక్టరమ్మ. అత్తతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

తర్వాత ఆమె మా వంశంలో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగింది. తన తాత మతి చెడి ఊళ్ళు తిరిగి ఎక్కడో పోయాడని నాన్న ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ తలూపి నా వైపు చూసింది.

"ఇది రక్తంలో దిగుతుందా లేదా అన్నది తేలితే మీ పిల్లలకే మేలు."

నాన్న కూడా నా వైపు చూశాడు. అంతే, సరేనన్నాడు. నీ కోసమే ఒప్పుకున్ననని తర్వాత చాలాసార్లు అన్నాడు. అనకుండా ఉంటే బాగుండేది. వాళ్ళు వెళ్తూ వెళ్తూ గూట్లో ఉన్న గోలీల డబ్బా కూడా సంచిలో వేసుకున్నారు, పొరపాటున కూడా వేసుకోకూడదని.

మొదట్లో అత్త బాగుపడినట్టే కనిపించింది. చేతుల వణుకు తగ్గింది, నడక తేలికైంది. "సూస్తివా, ఊరికెనే భయపడ్డవు," అన్నాడు నాన్న. తర్వాత ఆమె నిద్ర మానేసింది. అమ్మ వండింది తినడం మానేసింది. తర్వాత గోడ వైపు తిరిగి, చాలా మర్యాదగా, "జర మెల్లగ మాట్లాడుండ్రి, పిల్ల సదువుకుంటున్నది," అంది. నేను పుస్తకం మూసేశాను.

నాన్న ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాదుకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. "ఇంకొన్ని రోజులు ఓపిక పట్టండి, ఇప్పుడు మందు ఇస్తే ఇన్నాళ్ళ కష్టం వృథా అవుతుంది," అంది అవతలి గొంతు. ఎవరి కష్టం అని నాన్న అడగలేదు.

ఆ వారంలోనే, పట్టపగలు, అడ్తి దుకాణం ముందు అత్త చీర విప్పేసింది. చీరలో వాళ్ళు దూరారట. హమాలీలు ఎగబడి నవ్వారు. సేటు ఆమెను బయటికి గెంటమన్నాడు. గెంటబోయిన వాణ్ణి ఆమె కొరికింది. వాళ్ళు కొట్టిన దెబ్బలకు ఎడమ చెయ్యి విరిగింది. తోటి ఆడవాళ్ళు పసుపు ఏరుతూనే ఉన్నారట. అమ్మ దుప్పటి పట్టుకుని పరుగెత్తేసరికి, ఎవరో ఆమె ఒంటి నిండా పసుపు చల్లి పెళ్ళికూతురంటూ చప్పట్లు కొడుతున్నారు.

బర్రె గొలుసు మళ్ళీ బయటికొచ్చింది.

డాక్టరమ్మ వాళ్ళు వచ్చి, అత్తను జీపులో నిజామాబాద్ తీసుకెళ్ళారు. నాన్నతో పాటు నేనూ వెళ్ళాను. చేతికి కట్టు ఉంది గనుక ఆమెను ఒక పక్కకు పడుకోబెట్టి, మోకాళ్ళు కడుపులోకి ముడిచి, కదలకుండా పట్టుకోవాలి. నాన్న పట్టుకున్నాడు. వెన్నులోకి పొడవాటి సూది దిగుతుంటే అత్త అరవలేదు.

"అన్నా, నీ కాల్మొక్త. నన్ను తోడుకుంటున్నరు. జర సెప్పన్నా."

"అయిపాయె సెల్లే. అయిపాయె."

చిన్న సీసాలోకి నీటిచుక్కలు దిగాయి. తేటగా, బావినీళ్ళలా ఉన్నాయి. ఇన్ని మాటలు పుట్టించే నీళ్ళు అంత తేటగా ఉంటాయని నేననుకోలేదు. డాక్టరమ్మ సీసాను వెలుతురుకు పెట్టి చూసి, తన పక్కనున్న యువ డాక్టరుతో, "చాలా మంచి కేసు," అంది. నా చేతి నుంచి, నాన్న చేతి నుంచి కూడా రక్తం తీసుకున్నారు. మా వంతు ఒక్క నిమిషంలో అయిపోయింది.

ఆ రోజే గోలీలు మళ్ళీ మొదలుపెట్టారు. కానీ ఈసారి వాళ్ళిద్దరూ దూరం పోలేదు. డోసు పెంచారు, సూదులిచ్చారు. అత్త లావైంది, మొద్దుబారింది. దవడ దానంతటదే ఏదో నములుతున్నట్టు ఎప్పుడూ ఆడుతూ ఉండేది. పనికి రానివ్వలేదు ఎవరూ. మేము ఎన్ని ఉత్తరాలు రాసినా హైదరాబాదు నుంచి జవాబు రాలేదు. ఆమె బాగున్న ఆ నాలుగైదేళ్ళ గురించి ఇంట్లో మాట్లాడటం మానేశాం. ఆమె వింటే ఏడుస్తుందని కాదు, మేమే ఓర్చుకోలేకపోయేవాళ్ళం.

తొంభైల చివర్లో, నేను కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, హైదరాబాదు నుంచే ఇంకో కుర్ర డాక్టరు వచ్చాడు. ఈసారి జన్యువులట. పాత కుటుంబాల రక్తం మళ్ళీ కావాలట. నాన్న వాకిట్లోనే ఆపేశాడు. ఆ మాటలు విని అత్త లోపల్నుంచి వచ్చింది. ఎవరూ అడగకుండానే కొంగు జరిపి, వంకరగా అతుక్కున్న ఎడమ చెయ్యి చాపింది.

"గోలీలు బంద్ జేస్తరా సారూ?"

"అక్కర్లేదమ్మా. మందు వేసుకున్నా జన్యువులు మారవు."

"గప్పుడు నా ఈపుల నీళ్ళు తీసిండ్రు గద. ఏం తెలిసింది?"

అతను ఇబ్బందిగా నవ్వాడు. మంచివాడే, అబద్ధం చెప్పడం రాదు.

"ఆ పరిశోధనలో ప్రత్యేకంగా ఏమీ తేలలేదమ్మా. జబ్బున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తర్వాత దాన్ని ఆపేశారు."

అత్త ఒక్క క్షణం తల పక్కకు వంచి ఏదో విన్నది. దవడ ఆడుతూనే ఉంది.

"నాకు వాళ్ళు గప్పుడే జెప్పిండ్రు," అని లోపలికి వెళ్ళిపోయింది.

కుర్ర డాక్టరు నా వైపు తిరిగాడు. కనీసం నేనైనా ఇస్తానేమోనని. నా పెద్ద కడుపు వైపు కూడా చూశాడు. నేను తలుపు వేశాను.

చిన్నత్త ఆ మరుసటేడు వానాకాలంలో, ఊపిరితిత్తులకు నీరు పట్టి పోయింది. నాకు అప్పటికి పాప పుట్టింది. ఆ పాప ఇప్పుడు పెద్దపిల్ల, తెలివైంది. పరీక్షలప్పుడు గదిలో ఒక్కతే పాఠం పైకి వల్లెవేసుకుంటుంది. నేను తలుపు తోసుకుని వెళ్ళి, "ఎవరితోనే మాట్లాడుతున్నవ్?" అని గద్దిస్తాను. అది ఉలిక్కిపడి నోరు మూసుకుంటుంది.