పన్నెండు నిమిషాల్లో ఇందూరు

బోధన్ నుంచి ఇందూరుకు విమానంలో పన్నెండు నిమిషాలు. ఇది అబద్ధం కాదు, స్వయంగా ఎక్కినవాణ్ణి, ఒట్టేసి చెప్పగలను. కాకపోతే ఆ పన్నెండు నిమిషాలు ఎప్పుడు మొదలవుతాయో దేవుడు కూడా చెప్పలేడు.

ఆ రోజు రెండు గంటల్లోగా నేను ఇందూరు దవాఖానలో ఉండాలి. మా అవ్వకు, అదే మా అమ్మకు, ఒక కన్ను ఏనాడో పోయింది. రెండో కంట్లో శుక్లం. హైదరాబాద్ నుంచి వచ్చిన కంటి డాక్టరు మూడింటి రైలుకు తిరిగి వెళ్లిపోతాడు. "నా కొడుకు పక్కన లేంది కత్తి ముట్టనియ్య" అని అవ్వ పంతం. అక్కను తోడిచ్చి అవ్వను ముందురోజే పంపాను. చెరకు తూకం పని ఉండి నేను ఆగిపోయాను.

బస్సు పన్నెండింటికి. ఎక్కబోతుంటే, జనాన్ని షికారు తిప్పడానికి వచ్చిన విమానం ఆ పూటే ఇందూరుకు తిరిగి పోతున్నదని తెలిసింది. "ఎనిమిది కోసులు సాబ్, పన్నెండు నిమిషాలు!" అన్నాడు పైలటు. ఇక నా మనసు ఊరుకుంటుందా? బస్సు వదిలేశాను.

విమానం నిలిచిన మైదానంలో జాతరలా ఉంది. కొత్త బండిని పూజ చేయకుండా కదలనిచ్చే అలవాటు మా వైపు లేదు. ముందరి అద్దానికి పసుపు ఎంత దట్టంగా పూశారంటే, పైలటుకు ఆకాశమే కనబడలేదు. అది కడిగించేలోగా బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, సరే. ఒక ముసలమ్మ వెలుగుతున్న కర్పూరం పట్టుకుని నేరుగా పెట్రోలు డబ్బాల దగ్గరికి నడిచింది! "ఆగ్! ఆగ్ బుఝావ్!" అంటూ నిప్పు ఆర్పమని పైలటు గావుకేక పెట్టాడు.

ముసలమ్మ నావైపు తిరిగింది. "గింత పెద్ద పిట్టకు హారతియ్యకుంటె ఎట్ల ఎగురుతది? నీ మంచికే గద బిడ్డా!"

పైలటు అలిగి కూర్చున్నాడు. జనం రోడ్డు దాకా వెనక్కి పోతేగానీ ఇంజను ముట్టనన్నాడు. జనం పోయేసరికి బర్రెలు వచ్చాయి.

లేచేసరికి రెండున్నర. కింద చెరకు తోటలు, వాటి మధ్య మెరిసే కాలువ. చెప్పినట్టే పన్నెండు నిమిషాలకు ఇందూరు బయట దిగాం. అక్కడి నుంచి దవాఖాన రెండు మైళ్లు. టాంగాల గుర్రాలన్నీ మా మోతకు బెదిరి పారిపోయాయి. "నీ ఇమానం జెయ్యవట్టి నా గుర్రం ఏడికో ఉరికింది. ముందుగాల దాన్ని తెచ్చియ్యి!" అని టాంగావాలా నా మీదికే వచ్చాడు. ధోవతి ఎగగట్టి పరుగెత్తాను. గంజ్ బజారు దాటుతుండగా రైలు కూత వినబడింది.

దవాఖాన మెట్ల మీద అక్క కూర్చుని ఉంది. "బస్సొచ్చి ఎంతసేపాయె! అండ్ల ఎందుకు రాలేదురా? డాక్టరు గంటసేపు నీకోసం సూసి, కత్తి ముట్టకుండనే రైలుకు పోయిండు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

మరునాడు నాలుగింటి బస్సులో ముగ్గురం తిరుగుముఖం పట్టాం. "మా పిలగాడు ఇమానంల వచ్చిండు" అని అవ్వ బస్సంతా చాటింది. ఎడపల్లిలో ఎక్కిన ఒక ఆసామి, "ఎంతసేపు పట్టిందే అన్నా?" అన్నాడు.

"పన్నెండు నిమిషాలు" అన్నాను పళ్లు కొరుక్కుంటూ.

"గంతేనా!" అని నోరు తెరిచాడు.

నా తర్వాత ఈ దారిన పోయేవారికి ఒక్కటే చెబుతాను. తొందర లేనివాళ్లు విమానం ఎక్కండి. తొందర ఉన్నవాళ్లు బస్సెక్కండి.

అవ్వ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరు మల్లెప్పుడొస్తడట?"

"వానలు పోయినంక, అవ్వా."

"గప్పటిదాక గీ కన్ను ఆగుతది తియ్. గప్పుడు మాత్రం ఎడ్లబండి మీద రా బిడ్డా, ఒక రోజు ముందుగాల."

బస్సు మలుపు తిరిగింది. పడమటి ఎండ సూటిగా ఆమె ముఖం మీద పడింది. అవ్వ రెప్ప కూడా వేయలేదు.